‘కవి వేరు, కవిత్వం వేరు’: ఒక సౌకర్యసూత్రంపై కొన్ని అభ్యంతరాలు

తెలుగు శాఖలలో సమర్పితమవుతున్న సిద్ధాంతగ్రంథాల శీర్షికలలో ‘జీవితం - సాహిత్యం’ అనే జంటపదం ఎంతగా స్థిరపడిపోయిందో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటి అధ్యాయంలో కవి పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, గురుపరంపర, ఉద్యోగం, పొందిన బిరుదులు, కప్పించుకున్న శాలువలు వరుసగా వస్తాయి. ఆ తరువాతే కావ్యం. కవి సౌజన్యమూర్తి అని, దానశీలి అని, శిష్యవత్సలుడు అని చెప్పడానికి ఈ అధ్యాయం ఎన్ని పుటలనైనా కేటాయిస్తుంది. ఆ సౌజన్యమే కవిత్వంలో ప్రతిఫలించిందని నిరూపించడానికి మరికొన్ని పుటలు పడతాయి. అదే కవి మీద ఒక స్త్రీ ఆరోపణ చేసినా, అతని ప్రవర్తన గురించి పదిమందికీ తెలిసిన విషయం ఒకటి అచ్చులోకి వచ్చినా, మరునాటికి సిద్ధాంతం మారిపోతుంది. కవి వేరట, కవిత్వం వేరట. జీవితాన్ని సాహిత్యంలోకి లాగడం సంస్కారం కాదట. మొదటి అధ్యాయంలో ఉన్న నలభై పుటల జీవితాన్ని లాగినదెవరో ఈ మాట అనేవారు చెప్పరు.

ఈ వ్యాసం అభ్యంతరపెడుతున్నది విభజనను కాదు, ఆ విభజనరేఖ గీసే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నను దాటవేయడాన్ని. సామాజిక మాధ్యమాలలో జరుగుతున్న బహిరంగ నింద వల్ల సాహిత్యవిమర్శ ప్రమాదంలో పడిందన్న ఆందోళన ఇటీవల సభలలో, సంచికలలో తరచుగా వినిపిస్తున్నది. ఆ ఆందోళనలో కొంత నిజం ఉంది. అయితే రచయిత జీవితాన్ని పట్టుకొని రచనను శిక్షించే అలవాటు ఫేస్‌బుక్‌తో పుట్టినది కాదు. తెలుగు సాహిత్యచరిత్ర రచన పుట్టిన ఇంట్లోనే అదీ పుట్టింది.

తెలుగులో సాహిత్యచరిత్రకు పునాది వేసిన గ్రంథాల పేర్లు చూస్తే చాలు. గురజాడ శ్రీరామమూర్తిది ‘కవిజీవితములు’. కందుకూరి వీరేశలింగం పంతులుది ‘ఆంధ్రకవుల చరిత్రము’. రెండూ కవులను గురించినవే, కావ్యం వారి వెంట వచ్చేది. ఈ రెండవ గ్రంథంలో ముద్దుపళని గురించి పంతులుగారు రాసిన భాగం ప్రసిద్ధం. ఆమె వేశ్యాకులంలో పుట్టినదని, స్త్రీసహజమైన సిగ్గు లేనిదని, స్త్రీలు వినరాని మాటలను స్త్రీ అయి ఉండీ రాసిందని ఆయన ఆక్షేపణ. ఇక్కడ గమనించవలసినది ఆక్షేపణలోని తర్కం. శృంగారం వర్ణించినందుకు కాదు, ఆ వర్ణన చేసినది ఫలానా కులంలో పుట్టిన స్త్రీ అయినందుకు ఆ పద్యాలు దూష్యాలయ్యాయి. అవే వర్ణనలు పురుషుడి పేరు కింద ఉంటే అవి ప్రబంధలక్షణాలు.

ఈ మాటను 1910లోనే బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుకున్నారు. వావిళ్లవారి ద్వారా ‘రాధికాసాంత్వనము’ను పరిష్కరించి ప్రచురిస్తూ ఆమె వేసిన ప్రశ్న సూటిది. సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా? పంతులుగారు స్వయంగా పరిష్కరించి ఆమోదించిన ‘వైజయంతీవిలాసము’లో ఉన్నదానికంటే ఇందులో ఎక్కువగా ఉన్నదేమిటి? సారంగు తమ్మయ్యకు కవి వేరు, కవిత్వం వేరు. ముద్దుపళనికి మాత్రం కాదు. తెలుగులో ద్వంద్వప్రమాణాల మీద వచ్చిన తొలి విమర్శలలో ఇది ఒకటి. దీన్ని పీఠికగానే గుర్తుంచుకోవడం, విమర్శగా పాఠం చెప్పకపోవడం మన శాఖల లోపం.

తరువాత జరిగినది కూడా ఈ చర్చకు అవసరమైనదే. పత్రికలలో నింద మొదలైంది. ఒక వేశ్య రాసిన పుస్తకాన్ని మరొక వేశ్య పరిష్కరించిందన్న ధోరణి దానిది. విషయం ప్రభుత్వ అనువాదకుని బల్లమీదకు చేరింది. 1911లో మద్రాసు పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. పండితులు మహజర్లు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రి అయ్యేవరకు, అంటే మూడున్నర దశాబ్దాలు, ఆగవలసి వచ్చింది. నేటి భాషలో చెప్పాలంటే ఇది మొదట ‘ట్రోలింగు’, తరువాత ‘రిపోర్టు’ కొట్టడం, చివరకు తొలగింపు. సాధనాలు మాత్రం అచ్చుయంత్రం, పోలీసు కమిషనరు.

ఇంకొక వివరం ఉంది. నాగరత్నమ్మకు ముందే, 1887లో, పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో ఈ కావ్యం వెలువడింది. ముద్దుపళని తన సాహిత్యవంశాన్ని, తన కుటుంబంలోని స్త్రీల పరంపరను చెప్పుకున్న అవతారిక పద్యాలు ఆ ముద్రణలో లేవు. అంటే కవయిత్రి తనను తాను పరిచయం చేసుకున్న భాగాన్ని తీసివేసి కావ్యాన్ని మాత్రం అచ్చువేశారు. రచనను రచయిత నుంచి వేరుచేయడం అనే సూత్రం ఇంత అక్షరాలా అమలు జరిగిన సందర్భం తెలుగులో మరొకటి దొరకడం కష్టం. కానీ ఆ కత్తిరింపు ఆమెను నిందనుంచి కాపాడలేదు. ఆమె చెప్పుకున్న జీవితం పోయింది. ఇతరులు ఆమెకు అంటగట్టిన జీవితం మిగిలింది. విభజన జరిగినప్పుడు ఏ జీవితం తొలగుతుందో, ఏ జీవితం నిలుస్తుందో అడగకుండా ఈ సూత్రాన్ని సమర్థించడం సాధ్యం కాదు.

ఈ సూత్రానికి శాస్త్రబలం ఉన్నదని కొందరంటారు. అలంకారశాస్త్రంలో సాధారణీకరణం చెప్పినవారు వ్యక్తిగతమైనదంతా రసాస్వాదంలో కరిగిపోతుందన్నారు కదా, ఇక కవి శీలంతో పనేమిటన్నది వారి వాదం. భట్టనాయకుడు చెప్పినది విభావాదులు వ్యక్తిసంబంధం కోల్పోవడం గురించి. సన్మానసంఘం తీర్మానాల గురించి ఆయన ఏమీ చెప్పలేదు. పైగా అదే సంప్రదాయంలో రాజశేఖరుడు ఉన్నాడు. ‘కావ్యమీమాంస’లో కవిచర్యను చెబుతూ ఆయన కవి స్వభావం ఎటువంటిదో కావ్యమూ అటువంటిదే అవుతుందని, వాక్కుకూ మనస్సుకూ శరీరానికీ శుచిత్వం ఉండాలని నిర్దేశించాడు. ఆ గ్రంథంలోనే స్త్రీలు కూడా కవులు కాగలరని, సంస్కారం ఆత్మకు సంబంధించినదే గాని స్త్రీపురుషభేదానికి సంబంధించినది కాదని కూడా అన్నాడు. మొదటి మాటను పట్టుకున్న తెలుగు పండితులు రెండవ మాటను ముద్దుపళని విషయంలో మరిచిపోయారు. పాశ్చాత్యవిమర్శ వైపు వెళ్లినా ఇదే స్థితి. విమ్సట్, బియర్డ్‌స్లీలు 1946లో కవి ఉద్దేశాన్ని పక్కన పెట్టమన్నది అర్థనిర్ణయానికి. రోలా బార్త్ 1967లో రచయిత మరణాన్ని ప్రకటించింది పాఠకుడికి అధికారం ఇవ్వడానికి. ఆ మరణించిన రచయితకు మనవాళ్లు పాదపూజ చేసి, ఫిర్యాదు చేసిన పాఠకురాలికి మాత్రం బార్త్‌ను చూపిస్తున్నారు.

ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది కలిగించే ఉదాహరణకు రావాలి. పాబ్లో నెరూదాను తెలుగు కవులు పరాయివాడిగా ఎన్నడూ చూడలేదు. అభ్యుదయ, విప్లవ కవిత్వోద్యమాలు ఆయనను అనువదించుకున్నాయి, ఆయన మీద కవితలు రాసుకున్నాయి, ఆయన పేరును ప్రమాణంగా నిలుపుకున్నాయి. ఆయన మరణానంతరం 1974లో వెలువడిన ఆత్మకథలో కొలంబోలో రాయబార ఉద్యోగిగా ఉన్న రోజుల ప్రస్తావన ఉంది. ఆయన బంగళాలో ప్రతి ఉదయం మలం ఎత్తడానికి ఒక తమిళ స్త్రీ వచ్చేది. అంటరానిదిగా చూడబడిన కులానికి చెందిన ఆమె ఆయన పలకరింపులకు, పెట్టిన కానుకలకు స్పందించలేదు. ఒక ఉదయం ఆయన ఆమె చేయి పట్టి పడకగదికి తీసుకుపోయాడు. ఆమె కళ్లు తెరిచే ఉంచింది, ఉలకలేదు, పలకలేదు. తనను ఆమె అసహ్యించుకోవడం న్యాయమేనని ఆయనే రాశాడు. ఇది ఎవరో చేసిన ఆరోపణ కాదు, ఏ స్క్రీన్‌షాట్ ద్వారానూ బయటపడలేదు. దశాబ్దాలపాటు లక్షల ప్రతులలో అందరి ఎదుటా ఉంది. 2018లో శాంటియాగో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు చిలీ స్త్రీవాదులు ఆ పుటను తెరిచి చూపించారు. పేరు మారలేదు.

మన వ్యాసాలలో నెరూదా ప్రేమకవిత్వం, స్పెయిన్ యుద్ధకాలపు కవిత్వం ప్రస్తావనకు వచ్చినంతగా ఈ పుట రాదు. వచ్చినా రెండు విధాలుగా వస్తుంది. నెరూదాను ఇక చదవరాదని ఒకరు, కవిత్వానికి దానితో పని లేదని మరొకరు. ఇద్దరూ ఆ పుటను చదవలేదన్నదే వాస్తవం. చదివితే కనబడేది ఇది: ఆ స్త్రీని నెరూదా దక్షిణభారత శిల్పంతో పోలుస్తాడు. ఆమె మౌనం రాతిమౌనం, ఆమె నడక దేవతానడక. అంటే ఆ ఘట్టంలో పనిచేస్తున్నది ఉపమాలంకారం. నోరు విప్పని మనిషిని నోరు లేని విగ్రహంగా మార్చినది ఆ పోలికే. ఆమె నిరాకరణను సౌందర్యంగా చదువుకోవడానికి వీలు కల్పించిందీ అదే. ఇది కవి జీవితంలోని దోషమా, కవిత్వంలోని దోషమా? వేరుచేయమన్నవారు ఈ వాక్యం దగ్గర రేఖ ఎక్కడ గీస్తారు? స్త్రీని భూమిగా, కొండగా, శిల్పంగా మార్చే ఉపమానశ్రేణి ఆయన ప్రేమకవితలలో అంతటా ఉన్నది. ఈ పుట చదివిన తరువాత ఆ కవితలు మాయమైపోవు. వాటిలోని స్త్రీ ఎందుకు అంత తరచుగా మౌనంగా ఉంటుందన్న ప్రశ్న మాత్రం వెంట వస్తుంది. ఆ ప్రశ్న శీలపరీక్ష కాదు, శుద్ధమైన అలంకారవిమర్శ. రూపవిమర్శను నిజంగా చేసినవాడు కవి చేతలకు దూరంగా పోలేడనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఆమె పేరు ఆ పుస్తకంలో లేదు. ఆమె చేసిన పనీ, ఆమె కులమూ ఉన్నాయి. దళితసాహిత్యాన్ని పాఠ్యాంశంగా బోధిస్తున్న శాఖలలో నెరూదాను బోధించేటప్పుడు ఈ పుటను పక్కన పెట్టడానికి ఏ సైద్ధాంతిక కారణం చూపుతారన్నది ఆసక్తికరమైన విషయం.

అంతర్జాల నిందను సమర్థించడానికి ఇదంతా చెబుతున్నట్టు భావించనవసరం లేదు. ఆ నింద ఎవరిమీద పడుతుందో ముందుగా తెలియదు. ‘మైదానం’ (1927) రాసిన చలాన్ని మర్యాదస్థులు ఇళ్లకు రానివ్వలేదు. పుస్తకాన్ని మాత్రం చాటుగా చదువుకున్నారు. ఆయన 1950లో అరుణాచలం వెళ్లిపోయాడు. (చలం తన రచనను తన జీవితం నుంచి వేరుచేయమని ఎవరినీ కోరలేదన్న సంగతి ఆయన అభిమానులు తరచు మరిచిపోతారు.) తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2015 జనవరిలో రచయితగా తాను మరణించానని ఫేస్‌బుక్‌లోనే ప్రకటించుకోవలసి వచ్చింది. 2016 జులైలో మద్రాసు హైకోర్టు తీర్పు వచ్చాక గాని ఆయన కలం మళ్లీ కదలలేదు. ఈ ఇద్దరినీ శిక్షించినది వారు రాసినదానికి. ముద్దుపళనిని శిక్షించినది పుట్టుకకు కూడా. ఒక మనిషి మరొక మనిషికి చేసినదానికి జవాబు అడగడం ఈ రెండింటికంటే భిన్నమైనది. గుంపు నోట ఇవి మూడూ ఒకే కేకగా వినబడతాయి. గుంపును ఖండించేవారు కూడా అదే పొరపాటు చేస్తున్నారు. ఆరోపణకు గురైన ఆచార్యుడిని చలం పక్కన కూర్చోబెట్టి, ఇద్దరూ నైతికపోలీసుల బాధితులేనని వాపోవడం చలానికి అవమానం.

బహిరంగ నింద ఇంతగా ఎందుకు పెరిగిందన్నది మరొక ప్రశ్న. దీనికి మాధ్యమ స్వభావాన్నే కారణంగా చూపడం సులభం. 2017 అక్టోబరులో భారతీయ విశ్వవిద్యాలయాల అధ్యాపకుల పేర్లతో ఒక జాబితా ఫేస్‌బుక్‌లో వెలువడింది. వివరాలు లేకుండా పేర్లు పెట్టడం న్యాయం కాదని కొందరు సీనియర్ స్త్రీవాదులే అభ్యంతరం తెలిపారు. నిర్ణీత పద్ధతిని అనుసరించమన్నారు. వారి అభ్యంతరం సహేతుకమే. కానీ ఆ పద్ధతి ఎక్కడ ఉన్నది? పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. ఉన్నత విద్యాసంస్థలకు యూజీసీ 2015లో నిబంధనలు చేసింది. కాగితం మీద ప్రతి విశ్వవిద్యాలయానికీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. అయితే పరిశోధక విద్యార్థిని ఫెలోషిప్పు పత్రం మీద సంతకం, ప్రగతినివేదిక మీద సంతకం, చివరకు సిద్ధాంతగ్రంథం మీద సంతకం ఒకే చేతివి. ఆ చేయి మీద ఫిర్యాదు చేయాలంటే అయిదేళ్ల చదువును పణంగా పెట్టాలి. ఇక సాహిత్యలోకానికి ఆ కాగితం కూడా లేదు. కవిసమ్మేళనం ఎవరి పనిస్థలం? పుస్తకావిష్కరణ తరువాత జరిగే విందుకు యజమాని ఎవరు? పీఠిక రాసిపెడతానని, పురస్కారానికి పేరు సూచిస్తానని చెప్పే పెద్దమనిషి ఎవరి ఉద్యోగి? ఇవేవీ చట్టం పరిధిలో సులభంగా ఇమడవు. అధికారం మాత్రం నిండుగా ఉంటుంది. తలుపులన్నీ మూసి ఉన్న ఇంట్లో కిటికీలోంచి కేకవేసినవారిని మర్యాద తెలియదని తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఒక మాజీ కేంద్రమంత్రి వేసిన పరువునష్టం కేసులో జర్నలిస్టు ప్రియా రమణిని నిర్దోషిగా ప్రకటిస్తూ ఢిల్లీ న్యాయస్థానం 2021 ఫిబ్రవరి 17న ఇచ్చిన తీర్పు ఈ సంగతిని గుర్తించింది. దశాబ్దాల తరువాతనైనా, తాను ఎంచుకున్న ఏ వేదిక మీదనైనా తన బాధను చెప్పుకునే హక్కు స్త్రీకి ఉన్నదని అది చెప్పింది.

నిర్దోషికి అన్యాయం జరిగితే ఎట్లా అన్న ప్రశ్న మిగులుతుంది. జరగవచ్చు. ఒక పోస్టును వందలమంది చదవకుండానే పంచుకోవడం, మూడవ రోజుకు మూలవాక్యమే మారిపోవడం అందరూ చూస్తున్నదే. కానీ పరిశోధకుడికి ఈ చిక్కును ఎదుర్కొనే పద్ధతి కొత్తగా నేర్పనవసరం లేదు. శాసనాన్ని, తాళపత్రాన్ని, చాటువును ఒకే విలువగల ఆధారాలుగా ఎవరూ తీసుకోరు. చాటుకథల ఆధారంగా శ్రీనాథుడి జీవితం రాసినవారిని తరువాతి పండితులు ఎంత నిర్దాక్షిణ్యంగా పరీక్షించారో అందరికీ తెలుసు. ఆ కాఠిన్యమే ఇక్కడా కావాలి. నెరూదా విషయంలో ఉన్నది స్వీయకథనం. మరొకచోట ఉన్నది బాధితురాలి వాంగ్మూలం, ఇంకొకచోట న్యాయస్థానంలో విచారణలో ఉన్న కేసు, వేరొకచోట వదంతి మాత్రమే. ఏది దేని మీద ఆధారపడినదో స్పష్టంగా చెబుతూ రాయడం విమర్శకుడి పని. శిక్ష వేయడం అతని పని కాదు. తీర్పు వచ్చేదాకా నోరు మెదపకపోవడం కూడా అతని పని కాదు.

అసలు ఈ వివాదాలలో ఎక్కువ భాగం చదవడం గురించి కానేకాదు. ఏ కవి పుస్తకాన్నీ ఇటీవల ఎవరూ గ్రంథాలయం నుంచి తీసివేయించలేదు. తగాదా అంతా సన్మానం గురించి. 2024 అక్టోబరులో ఒక నృత్యదర్శకుడికి ప్రకటించిన జాతీయ పురస్కారాన్ని, ఆయనపై నమోదైన కేసు కారణంగా నిలిపివేశారు. కేసు తేలవలసి ఉంది గనుక పేరు ఇక్కడ అనవసరం. ఆయన కూర్చిన నృత్యం ఎక్కడికీ పోలేదు, చూసేవారు చూస్తూనే ఉన్నారు. నిలిచిపోయినది వేదిక మీద చప్పట్లు మాత్రమే. తెలుగులో పురస్కారం కృతికి ఇస్తున్నామని చెప్పి వ్యక్తికి ఇస్తాము. పల్లకిలో కూర్చునేది పుస్తకం కాదు. దండ వేసేటప్పుడు మనిషి మెడ కావాలి, ప్రశ్న వేసేటప్పుడు మాత్రం అక్కడ పుస్తకమే ఉండాలి అనడం కుదరదు. కృతిని మాత్రమే గౌరవించదలచినవారు ఆ పని చేయవచ్చు: శుద్ధప్రతి వెలువరించడం, నిఘంటువు కూర్చడం, మంచి వ్యాఖ్యానం రాయడం. శతజయంతి సంచికలకు అయ్యే ఖర్చుతో ఇవన్నీ చేయవచ్చు.

ఈ కొలత వీరేశలింగం పంతులుగారికీ వర్తిస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతువివాహం జరిపించి, బహిష్కారాలను భరించిన వ్యక్తి ఆయన. గుంపు నింద ఎటువంటిదో ఆయనకు తెలిసినంతగా ఆ కాలంలో మరెవరికీ తెలియదు. అదే వ్యక్తి మరొక స్త్రీ కవిత్వాన్ని ఆమె పుట్టుకతో కొలిచాడు. ఈ రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి. సంస్కరణోద్యమం ఏ స్త్రీని కాపాడదగినదిగా చూసిందో, ఏ స్త్రీని తొలగించదగినదిగా చూసిందో ఈ రెండింటినీ కలిపి చదివితేనే అర్థమవుతుంది. ‘ఆంధ్రకవుల చరిత్రము’ నుంచి ఆ పుటను చించేస్తే ఉద్యమచరిత్రలో కీలకమైన ఆధారం పోతుంది. ఆ పుటను చూడనట్టు నటించి యుగపురుషుడని కీర్తించినా పోయేది అదే.

‘జీవితం - సాహిత్యం’ శీర్షికలు ఇప్పటికిప్పుడు మారవు. మారనక్కరలేదు కూడా. మొదటి అధ్యాయం రాసే తీరు మారితే చాలు. బిరుదుల పట్టిక ఉన్నచోటనే ఫిర్యాదుల ప్రస్తావన కూడా, దాని ఆధారబలంతో సహా, ఉండవచ్చు. ముద్దుపళని అవతారిక పద్యాలు తొలగిన 1887 ముద్రణను, అవి తిరిగి చేరిన 1910 ముద్రణను పక్కపక్కన పెట్టి చూపే పాఠం ఒకటి ఎం.ఏ. మొదటి సంవత్సరంలో చేర్చడానికి పాఠ్యప్రణాళికా సంఘం ఒక్క సమావేశం చాలు. దానికి కావలసిన రెండు పుస్తకాలలో రెండవదాన్ని ఒకప్పుడు పోలీసులు పట్టుకుపోయారు. ఇప్పుడు ఆ అడ్డంకి లేదు.